పగడాలకు పోసిన నీళ్ళు

ఆటోవాడు ఆ కిరాణా కొట్టు దగ్గరే దించేసి పోయాడమ్మా, ఇంకేం చెప్పను! "సందుల నీళ్ల ట్యాంకర్ అడ్డమున్నది పెద్దమ్మా, జర నడువున్రి" అన్నాడు. జర అంటే ఇంతా? ఫిల్మ్ నగర్‌లో మా లిఫ్టు పాడైతే బాగయ్యేదాకా గడప దిగనిదాన్ని, ఈ రహమత్ నగర్ మెట్లన్నీ గోడ పట్టుకుని ఎక్కొచ్చాను. దారిలో ఒకావిడని అడిగాను, మంజులత ఇల్లెక్కడమ్మా అని. "ఏ మంజులత? పని పోయినామెనా?" అంది.

అలా అంటారా మనిషిని!

సరేలే. ఏంటి తల్లీ, అలా నిలబడి చూస్తావు? లోపలికి రమ్మనవా? పోనీ, ఆ పీట ఇలా జరుపు, గుమ్మంలోనే కూర్చుంటాను. ఇక్కడే బాగుంది. గాలొస్తోంది.

మీ ఆయన నర్సింహ లేడా? షూటింగ్ వ్యాను తోలడానికి పోయాడా? మంచిదే. నీతో ఒక్కదానితోనే మాట్లాడాలి.

లేదు, నన్నెవరూ పంపలేదు. పద్మప్రియ తనే వస్తానంది. "మీరెందుకత్తయ్యా ఆ మెట్లెక్కడం, ఆదివారం నేను వెళ్ళి పిలుచుకొస్తాను" అంది. నేనే వెళ్తానన్నాను. "మీ మనసు పెద్దదత్తయ్యా" అని మెచ్చుకుంది మా కోడలు. ఆ మాట విన్నాక ఆదివారం దాకా ఆగలేకపోయాను. అబ్బాయీ తనూ అటు పనుల్లోకి వెళ్ళారో లేదో, తాళం వేసి బయల్దేరాను. తాళం వేశానా? వేశాను. ఇదిగో చెవి, కొంగున ముడేసుకున్నాను.

మంచి మాట చెబుదామని వచ్చాను మంజులతా. తెలిసిపోయింది! ఆ చేపల అద్దాల తొట్టిలో పగడాలు ఎందుకు చచ్చాయో తెలిసిపోయింది. నీ వల్ల కాదు.

అదేం నవ్వు? నీ వల్ల కాదని నీకు ముందే తెలుసంటావా? తెలుసులే. మాకు తెలియాలి కదా!

వరసగా చెప్పనీ. మధ్యలో ఆపకు. ఆపితే నాకు తెగిపోతుంది, మళ్ళీ ఎక్కడ అందుకోవాలో తెలియదు. ఈ మధ్య అంతే. చదివిన పేజీయే మళ్ళీ చదువుతున్నాను, ఇంతకుముందు చదివినట్టుందే అనుకుంటూ. నా సంగతి నీకు తెలుసు, బడికెళ్ళింది ఐదో తరగతి దాకానే. మిగిలిన చదువంతా పొట్లం కాగితాల దగ్గర్నుంచి లైబ్రరీ పుస్తకాల దాకా నాకు నేను కూడగట్టుకున్నదే. అది కాస్తా జారిపోతుంటే ఎలా ఉంటుందో నీకెలా చెప్పను?

ఆ, తొట్టి.

దాని మీద పద్మప్రియకి ఎంత ప్రాణమో నువ్వు చూశావు. సాఫ్ట్‌వేర్ ఆఫీసు వాళ్ళు పిల్లని పిప్పి చేసి పంపేవాళ్ళు కదా. క్యాబు దిగి వచ్చి, భుజాన బ్యాగు కూడా తియ్యకుండా ఆ అద్దం ముందు కూలబడేది. మా విహారికీ అంతే. పగలంతా ఆ డబ్బింగ్ థియేటర్లో హీరోల అరుపులూ విలన్ల నవ్వులూ సరిచేసి వచ్చి, "అమ్మా, మనింట్లో మాట్లాడని ప్రాణులు ఇవొక్కటే" అనేవాడు. నా మీదా, వాళ్ళావిడ మీదా కలిపి వేసేవాడులే ఆ మాట.

నాకు మాత్రం పగడం అంటే ఏం తెలుసు? కుజదోషానికి ఉంగరంలో పెట్టించుకునే ఎర్ర రాయి. అది ప్రాణమున్నదనీ, దానికి నోరుంటుందనీ, దీపం వేస్తే విచ్చుకుని ఆర్పితే ముడుచుకుంటుందనీ ఈ వయసులో చదివి తెలుసుకున్నాను. కోడలు ఆఫీసులో ప్రింటు తీసి తెచ్చిన కాగితాలు ఉండేవి కదా, ఎక్కడెక్కడో తొట్లు పెంచేవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్న సలహాలు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో మాటా విడదీసి చదివి, నువ్వు చిక్కుడుకాయలు వలుస్తుంటే నీకు వినిపించేదాన్ని. నువ్వు "అయ్యో, గిన్ని షోకులా పెద్దమ్మా! మా అత్తకు గూడ ఇంత సేవ జెయ్యలే" అనేదానివి.

నవ్వావు! ఇప్పుడు నవ్వావు, నేను చూశాను.

మొదట పోయింది రొయ్య. ఎర్రచారల రొయ్య. వేలు పెడితే గోళ్ళ సందులు శుభ్రం చేసేది, మన పార్లరు అమ్మాయిల్లాగా. అదొక పొద్దున వెల్లకిలా పడుంది. తర్వాత నత్తలు అద్దం మీంచి ఒకటీ ఒకటీ జారి ఇసకలో పడ్డాయి. తర్వాత ఆ గుండీలంతేసి పగడం పూలున్నాయి చూడు, పచ్చవీ నారింజవీ, అవి ముడుచుకున్నాయి. దీపం వేసినా విచ్చుకోవు. అప్పుడు మొదలైంది నాచు. రాళ్ళ మీద పచ్చటి జుట్టు! పద్మప్రియ పళ్ళు తోముకునే బ్రష్షుతో రుద్దేది, వేళ్ళతో పీకేది, రెండ్రోజుల్లో మళ్ళీ మొలిచేది. దీపం వేసే వేళలు తగ్గించింది. ఉప్పు కలిపి కొత్తనీళ్ళు మార్చింది. ఇసకలో గొట్టం పెట్టి మురికి లాగింది. మురికిని నురగలా పైకి లాగే ఆ మిషను కప్పు నువ్వే ఎన్నిసార్లు కడగలేదు! "సముద్రం తెచ్చుకుంటామంటే చెరువు తయారైంది" అన్నాడు విహారి. పద్మప్రియ నవ్వలేదు. వాడి వైపు చూడను కూడా లేదు.

అప్పుడు ఆ ఓంప్రకాష్‌ని పిలిచారు, ఎర్రగడ్డలో చేపల కొట్టతన్ని. నీళ్ళు గొట్టంలో పోసి, మందు కలిపి, రంగు చూశాడు. "మేత ఎక్కువైంది మేడం. చేపలు తినేది ఇంత, కుళ్ళేది అంత. నాచుకి అదే పండగ" అన్నాడు.

మేత వేసేది నేను. పొద్దున ఒక్కసారి, చిటికెడు. ఆ పని నాదే. ఆ ఇంట్లో నాదంటూ ఉన్న పని అదొక్కటే.

ఓంప్రకాష్ ఆ మాట అనగానే మా అబ్బాయి నా వైపు చూశాడు. అమ్మ మీద కోపమొస్తే చూసే చూపు కాదది. జాలి. అప్పటికే పాలు రెండుసార్లు మాడబెట్టానా? పనసలపాడు రమణమ్మ అత్తయ్య పోయిన సంగతి మర్చిపోయి, ఆవిడెలా ఉందని అడిగానా? అవన్నీ ఆ చూపులో ఉన్నాయి. రాత్రి వాళ్ళ గదిలోంచి వినబడింది. "ఒకసారి డాక్టరుకి చూపిద్దాం. రెండేసిసార్లు వేస్తోందేమో. రేపు గ్యాసు మర్చిపోతే?" అంటున్నాడు. జూబ్లీహిల్స్‌లో ఎవరో మెదడు డాక్టరట. పేరు కూడా రాయించాడు. లక్ష్మీకాంతమ్మ, మతిమరుపు.

సరే, అది అటుంచు. ఆ హాల్లో జరిగింది తర్వాత మాట్లాడదాం.

తర్వాత మాట్లాడదామన్నానా! ముందు రాగి సంగతి విను.

నువ్వెళ్ళిపోయాక నాచు కాస్త పలచబడింది కానీ పగడాలు కోలుకోలేదు. రోజుకొకటి కరిగి తెల్లటి ఎముకలా మిగిలేది. పద్మప్రియ తిండి మానేసింది. మొన్న ఆదివారం, నేను తొట్టిలో నీళ్ళు కలుపుతున్నాను. అద్దానికి అంటించిన ఎర్ర టేపు గీత దాకా ఉండాలి కదా నీళ్ళు. ఆవిరై తగ్గిందంతా ఉప్పులేని నీళ్ళతో నింపాలి. బిందెలో చెంబు ముంచి పోస్తున్నాను. వెనక నుంచి ఒక్క కేక! "అత్తయ్యా! ఏం నీళ్ళవి?"

ఫిల్టరు నీళ్ళేనమ్మా అన్నాను. రాత్రంతా రాగిబిందెలో పెట్టినవి అన్నాను. గొప్పగానే అన్నాను.

దాని మొహం చూడాలి మంజులతా. తెల్లగా పాలిపోయింది.

రాగి విషమట! మనకి కాదు. చేపలకీ అంత కాదు. వెన్నెముక లేని ప్రాణులున్నాయి చూడు, రొయ్య, నత్త, పగడం, వాటికి రవ్వంత రాగి చాలునట. నత్తలు చస్తే నాచు మేసేదెవరు? మన రాగిబిందె! చింతపండు పెట్టి ప్రతి శుక్రవారం నువ్వు తళతళలాడేలా తోమింది. అలా తోమితే ఇంకా ఎక్కువ దిగుతుందట నీళ్ళలోకి. ఓంప్రకాష్ రాగిని పట్టించే మందు తెచ్చి గొట్టంలో వేస్తే రంగు తిరిగింది.

నేనేం చేశాను చెప్పు? ఆ ఫిల్టరు నీళ్ళకి రుచీ పచీ ఉందా? ఒట్టి చచ్చిన నీళ్ళు. మా బందరులో మా అమ్మ రాగిబిందెలో పెట్టిన నీళ్ళే పసిపిల్లలకి పట్టేది. మనం తాగడానికి పెట్టుకున్న మంచినీళ్ళకన్నా హీనమైనవి వాటికెందుకు పొయ్యాలి అనుకున్నాను. అవి దూరం నుంచి వచ్చిన ప్రాణులు కదా. ఒక్కరోజు మానలేదు. కాళ్ళు నొప్పులున్నా మానలేదు.

పద్మప్రియ నేల మీద కూర్చుండిపోయింది. తిడుతుందనుకున్నాను. నా కాళ్ళు పట్టుకుని ఏడ్చింది, "మీరు మర్చిపోలేదత్తయ్యా, మీరేం మర్చిపోలేదు" అని. విహారి అయితే డాక్టరుకి ఫోన్ చేసి పేరు కొట్టించేశాడు. "మతిమరుపేంటమ్మా నీకు! రోజూ టేపు గీత దాకా కొలిచి పోశావు. ఇంత గుర్తు మా ఎడిటర్లకి కూడా ఉండదు" అని నవ్వాడు. చాన్నాళ్ళకి ఇంట్లో నవ్వు వినబడింది. ఇప్పుడు రాగిని పీల్చే పొడేదో సంచీలో కట్టి తొట్టిలో వేలాడేశారు. రాతి పక్కన ఒకటి కొంచెం విచ్చుకుంది కూడా, గోరంత.

చూశావా? అంతా రాగి చేసిన పని. ఇక నువ్వు వచ్చెయ్యి. రేపట్నుంచే రా. మూడో అంతస్తు వాళ్ళకి కూడా నేనే చెబుతాను. వాళ్ళు మా ఇంట్లో మాట విని కదా నిన్ను మాన్పించారు.

ఏంటి, ఆ కూరాకు వైపు చూస్తున్నావు?

ఏమన్నారా? నీ గురించి ఏమన్నారంటావా? మంచిగానే అన్నారు తల్లీ. "పాపం మంజులత, చేపల మీద ముచ్చటకొద్దీ ఏవో నాలుగు పలుకులు వేసుంటుంది. దానికే ఇంత రాద్ధాంతం చేశాం. పోనీలే, క్షమించేద్దాం, పిలుద్దాం" అంది పద్మప్రియ.

అవును. క్షమించేద్దాం అంది.

నేనేమన్నాను? నేనేమీ అనలేదు.

కూర్చో. లేవకు. ఆ కూరాకు తర్వాత తరుగుదువుగానీ. నా మొహం వైపు చూడకపోయినా ఫర్వాలేదు, అటు తిరిగే కూర్చో. నువ్వు చూస్తుంటే చెప్పలేను.

రాగి పగడాలని చంపింది. నిజమే. కానీ రాగికీ ఆ మేతకీ ఏం సంబంధం? ఓంప్రకాష్ మొదట గొట్టంలో చూసింది కుళ్ళిన మేతని. అది ఎక్కడికి పోతుంది? నాకు తెలుసు, ఆ కాగితాలు చదివినదాన్ని కదా. పద్మప్రియ నాకన్నా పెద్ద చదువు చదివింది. అయినా రాగి దొరికేసరికి ఆ సంతోషంలో రెండో లెక్క ఎవరూ వెయ్యలేదు. కాదు, వేశారు. అది నీ పేరు మీద వేసి మూసేశారు.

ఆ రోజు నిన్ను హాల్లోకి పిలిచి అడిగింది కదా, "మంజులతా, నువ్వేమైనా మేత వేస్తున్నావా" అని. "నేనెందుకేస్త మేడం? పెద్దమ్మనే పొద్దుగాల ఒకపారి ఏస్తది, మల్ల నేను గిన్నెలు తోమేటప్పుడు..." అని నువ్వు నోరు తెరిచావు. నేను ఆ మాట సాగనిచ్చానా? "అబద్ధం!" అన్నాను. ఇల్లెగిరిపోయేలా అరిచాను. "అది రోజూ అద్దం దగ్గర చేరి చేపలతో ఆడుతుంది. డబ్బా మూత తీస్తుంటే నేను నా కళ్ళతో చూశాను" అన్నాను.

నువ్వు నా వైపు చూశావు. అంతకుముందు ఎన్నిసార్లు నెమ్మదిగా చెప్పలేదు నువ్వు? "పెద్దమ్మా, పొద్దుగాల ఏసిన్రు గదా" అని. నేను కసిరేదాన్ని, నీకేం తెలుసు నీ పని చూసుకో అని. ఆ రోజు ఇంకొక్క మాట అనుంటే నా పరువు ఆ హాల్లోనే పోయేది. నువ్వనలేదు. కొంగుకి చేతులు తుడుచుకుని వెళ్ళిపోయావు. ఎందుకనలేదే? అనుంటే బాగుండేది. నీకూ బాగుండేది, నాకూ బాగుండేది.

రెండుసార్లు వెయ్యలేదన్నది అప్పటికి నిజమనే అనుకున్నాను మంజులతా. దేవుడి సాక్షిగా అనుకున్నాను. కానీ నిన్ను చూశానన్నది మాత్రం అబద్ధం. అది మర్చిపోయి అన్నది కాదు. తెలిసే అన్నాను.

ఉండు. ఇంకా ఉంది.

నువ్వెళ్ళిపోయాక కూడా డబ్బా నా దగ్గరే ఉంది. ఒకరోజు హాల్లోకి ఎండ వచ్చేసింది. అయ్యో, ఇంకా మేత వెయ్యలేదే అని గబగబా డబ్బా అందుకున్నాను. మూత తిప్పబోతుంటే ముక్కు దురద పెట్టింది. చెయ్యి ముక్కు దగ్గరికి పోయింది. వాసన! ఆ మేత వాసన నీకు తెలుసుగా, ఎండు రొయ్యపొట్టు వాసన. మూత ఇంకా తియ్యనే లేదు. తియ్యకుండానే నా వేళ్ళకి వాసనుంది.

వంగి అద్దంలోకి చూశాను. ఇసక మీద పలుకులు, నాని ఉబ్బిపోయి. చేపలు పైకి రాలేదు. వాటికి ఆకలి లేదు.

ఎప్పుడేశాను? విహారి కారు తాళాలు వెతుక్కోవడం గుర్తుంది. కాఫీలో చక్కెర తక్కువైందని పద్మప్రియ అనడం గుర్తుంది. పేపర్లో ఎవరిదో పెళ్ళిఫోటో గుర్తుంది. అది మాత్రం లేదు. మసగ్గా ఉండటం కాదు మంజులతా. వెతికితే దొరికేలా ఉండటం కాదు. అక్కడ అసలేమీ లేదు.

సబ్బుతో చేతులు కడుక్కున్నాను. తోమి తోమి కడుక్కున్నాను. సాయంత్రం డబ్బా తీసుకెళ్ళి పద్మప్రియ చేతిలో పెట్టాను. "నాకు చూపానడం లేదమ్మా, పలుకులు ఎన్ని పడుతున్నాయో తెలియడం లేదు, నువ్వే వెయ్యి" అన్నాను. చూపు! నా చూపుకేం? సూదిలో దారం ఎక్కిస్తాను ఇప్పటికీ. అప్పట్నుంచి నాచు తగ్గడం మొదలైంది. "చూశారా, మంజులత వెళ్ళాక తగ్గింది" అన్నారు వాళ్ళు. నేను పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాను. పేజీ తిప్పాను.

అదీ నేను చేసింది.

ఎందుకంటావా? అడగవులే. అడగకుండానే చెబుతాను. మా పెద్దక్కని చూశాను కనక. అదీ ఇలాగే మొదలైంది. పాలు, పేర్లు, వీధి మలుపులు. ముందు పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. తర్వాత బీరువా తాళాలు తీసుకున్నారు. తర్వాత గదికి బయట గొళ్ళెం పెట్టారు. ప్రేమతోనే పెట్టార్లే, ఎక్కడికైనా వెళ్ళిపోతుందని. వేళకి అన్నం పెట్టేవాళ్ళు. అది రోజంతా లోపలి నుంచి తలుపు కొట్టేది, "నాకు గుర్తుంది, నాకు గుర్తుంది" అని. ఏం గుర్తుందో ఒక్కళ్ళూ అడగలేదు. నేనూ అడగలేదు.

మా పిల్లలు అలా చెయ్యరు. తెలుసు నాకు. మంచి పిల్లలు. కానీ ఆ జాలిచూపు ఒకటుంది చూడు, అది గొళ్ళెం కన్నా ముందు వస్తుంది.

రాగి దొరికిన రోజు ఎంత సంతోషపడ్డానో తెలుసా? పగడాలు చచ్చిపోతే సంతోషపడ్డాను! మర్చిపోయి కాదు, గుర్తుపెట్టుకుని చంపాను కదా అని. రోజూ గుర్తుపెట్టుకుని చంపాను. ఇంటిల్లిపాదీ నన్ను చూసి మురిసిపోతుంటే, ఇక ఇక్కడితో ఆపేద్దాం, ఇదే నిజమని ఉండిపోదాం అనుకున్నాను. ఉండిపోయేదాన్నే. నిన్ను క్షమిద్దామన్న మాట ఒక్కటి రాకపోయుంటే.

ఏమన్నావు? మెల్లగా అన్నావు, వినబడలేదు. ఇంట్లో చెప్పానా అనా?

లేదు.

చెప్పకుండా నువ్వు రావు. అంతేనా? రావు. సరే. ఆ దారిలో ఆవిడ నిన్ను ఏ పేరు పెట్టి చెప్పిందో విని వచ్చాను కదా ఇప్పుడే, నేనే నీ చోట ఉంటే అసలు గుమ్మమే ఎక్కనివ్వను.

మరి లే. చెప్పులేసుకో. రేపు కాదు, ఇప్పుడే నాతో రా. సాయంత్రం వాళ్ళిద్దరూ వస్తారు. ఆ హాల్లోనే, నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెబుతాను. మంజులత ఒక్క పలుకు వెయ్యలేదు, వేసింది నేను, చూశానన్నది కూడా అబద్ధమేనని చెబుతాను. తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళనీ. తాళాలు తీసుకోనీ. నువ్వు ఆ ఇంట్లో ఉంటే, రెండోసారి డబ్బా తీసినప్పుడు చెయ్యి పట్టుకునే మనిషైనా ఉంటుంది.

అలా అనుమానంగా చూడకు. నిన్ను అనడం లేదులే. నాకే అనుమానంగా ఉంది.

చెబుతాననే అనుకుంటున్నాను. కానీ ఆటో దిగేసరికి ఈ ధైర్యం ఉంటుందో లేదో! పద్మప్రియ నవ్వు మొహంతో వచ్చి "భోంచేశారా అత్తయ్యా" అంటే నోరు పెగలదేమో. లేదూ, ఇక్కడికొచ్చి నీ గుమ్మంలో కూర్చుని ఇవన్నీ అన్నానన్న సంగతే నాలోంచి పోతుందేమో. అప్పుడు నేను దబాయిస్తున్నానో, నిజంగానే మర్చిపోయానో నీకు తెలియదు. నాకూ తెలియదు.

అందుకని విను. నేను చెప్పకపోతే నువ్వు చెప్పు. ఈసారి ఊరుకోకు. "పెద్దమ్మ మా ఇంటికొచ్చి తన నోటితోనే చెప్పింది" అను. నేను కాదంటాను. గట్టిగా కాదంటాను, నా గొంతు నీకు తెలుసుగా. మా అబ్బాయి మీద ఒట్టేసి మరీ కాదంటాను.

నమ్మకు.